ముందే చెప్పిన స్తోత్రం

రెబెకా భయం సంగతి తార్నాకలో ఎవర్నడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. ఆమె రోడ్డు దాటాలంటే ఎదురుగా ఉన్న సిగ్నల్ ఎర్రబడితే చాలదు, దూరాన మెట్టుగూడ సిగ్నల్ కూడా ఎర్రబడాలి. ఒకసారి వంటింట్లో ఆమెకూ ఒక బల్లికీ చూపులు కలిశాయట. ఆమెను చూసి బల్లీ, బల్లిని చూసి ఆమే బిగుసుకుపోయి మధ్యాహ్నం దాకా కదల్లేదట. చివరికి వాళ్లమ్మ బడి నుంచి వచ్చి ఇద్దర్నీ విడదీసిందట. పుట్టినప్పుడు ఏడవడానికి కూడా జంకి, నర్సు సరేనన్నాకే గొంతు విప్పిందని వాళ్ల పెదనాన్న ప్రతి క్రిస్మస్‌కూ చెబుతాడు. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

తండ్రి రత్నకుమార్ తెనాలి నుంచి రైల్వే గుమాస్తాగా వచ్చి తార్నాకలో స్థిరపడ్డాడు. మాట తక్కువ మనిషి. ఆయన దాచిపెట్టుకున్న మాటలన్నీ భార్య ప్రమీల వాడేసింది. ప్రమీల బౌద్ధనగర్‌లో ఒక బళ్లో టీచరు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె గొంతెత్తి ప్రార్థన మొదలుపెడితే పక్క వీధిలో కుక్కర్లు ఈల వేయడం మానేస్తాయని ప్రతీతి. ఇలాంటి తల్లికి ఇలాంటి కూతురు ఎలా పుట్టిందని సంఘంలో అందరికీ ఆశ్చర్యమే. బళ్లో రెబెకాకు జవాబులన్నీ వచ్చు, చెయ్యెత్తడం మాత్రం రాదు. కాలేజీలోనూ అంతే. నక్షత్రాల చదువు ఎందుకు పట్టుకున్నావమ్మా అంటే, అవి ఎదురు ప్రశ్న వేయవు కదా అంది.

అంత పిరికి పిల్ల ఎంచుకున్న పని చూడండి. దూరాన, గెలాక్సీల నడిమధ్యలో, చుట్టూ ఉన్నదంతా మింగుతూ కూర్చునే కృష్ణబిలాలను చదవడం. మింగేముందు ఆ వాయువు కాగి కాగి, మొత్తం గెలాక్సీ కంటే ఎక్కువగా వెలుగుతుంది. అలా వెలిగేవాటిని క్వేజార్లంటారు. వాటిలో కొన్ని నోరున్నవి. దాదాపు కాంతి వేగంతో రెండు వైపులా జెట్‌లు చిమ్ముతాయి, ఆ జెట్‌లలోంచి రేడియో తరంగాల హోరు పుడుతుంది. పదింట తొమ్మిది మాత్రం నోరు లేనివి. వెలుగుంటుంది, హోరుండదు. అవి నిజంగా మూగవా, లేక మనకు వినబడనంత మెల్లగా గొణుక్కుంటున్నాయా, వాటి దగ్గరా సన్నటి జెట్ ఒకటి దాక్కుని ఉందా అన్నది రెబెకా పరిశోధన.

"నోరున్నదాని జోలికి పోలె. తన కులం దాన్నే పట్టింది," అనేవాడు బాలరాజు. ల్యాబులో ఆమె పక్క కంప్యూటర్ అతనిది. సిద్దిపేట దిక్కు మక్కజొన్న రైతుల ఇంటి నుంచి వచ్చి సూర్యుడి మీద పరిశోధన చేస్తున్నాడు. ఎండ గురించి మాకు చెప్పేదేందని వాళ్ల నాయిన ఇప్పటికీ ఒప్పుకోలేదట.

ఏళ్ల తరబడి రెబెకాకు కనబడినవన్నీ చుక్కలే. క్వేజార్ తరవాత క్వేజార్, చుక్క తరవాత చుక్క. ఒక పొద్దున మాత్రం చుక్కకు తోక మొలిచింది. సన్నగా, తిన్నగా, ఒక వైపుకు.

ఇక్కడ ఒక్క సంగతి తెలియాలి. పుణె అవతల పొలాల్లో పెద్ద పెద్ద గిన్నెల్లా నిలబడి రెబెకాకు ఆ రేడియో తరంగాలు పట్టిచ్చే యాంటెనాలు ఫొటోలు తీయవు. అక్కడి నుంచి వచ్చేది అంకెల గందరగోళం, పైగా మధ్యలో వాతావరణం చేసే అల్లరి. అందులోంచి బొమ్మ తీయాలంటే, ఫలానా చోట వెలుగుందని కంప్యూటర్‌కు గీత గీసి చూపించాలి. ల్యాబులో దాన్ని బాక్సు అంటారు. కంప్యూటర్ ఆ బాక్సులోనే వెలుగు వెతికి ఒక బొమ్మ చేస్తుంది. ఆ బొమ్మే నిజమనుకుని అంకెలను దానికి తగ్గట్టు సరిచేస్తుంది. సరిచేసిన అంకెలతో మళ్లీ బొమ్మ. తిప్పిన కొద్దీ మరక పోయి బొమ్మ తేటపడుతుంది. రెబెకా తిప్పింది. తోక తేటపడింది.

గైడు భానుప్రకాశ్ సార్ ఆ బొమ్మ చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇది బయటికి పోకూడదమ్మా," అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని చెబుతూ ఒక్కొక్కరికీ ఆయనే చెప్పాడు. సోమవారం సెమినార్ పెట్టాడు, పుణె నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాడు.

పక్కనే యూనివర్సిటీ ఉన్న తార్నాక చౌరస్తాకు తెలిసినంత ఖగోళశాస్త్రం దేశంలో మరే చౌరస్తాకూ తెలియదు. రెబెకా జెట్ మధ్యాహ్నానికి క్యాంటీన్ చేరింది. మాణికేశ్వర్‌నగర్ చేరేసరికి అది ఆకాశాన్ని రెండుగా చీల్చింది. బౌద్ధనగర్ చేరేసరికి అమెరికా వాళ్లు రెబెకాను ఫోన్లో పిలిచి ఏడ్చారు. కాచిగూడ స్టేషన్ దగ్గర లాడ్జీ వాళ్లు విదేశీ శాస్త్రవేత్తల కోసం గదులకు సున్నం వేయిస్తున్నారని కూడా అన్నారు.

వీటన్నిటి కంటే పెద్దది ప్రమీల చేసింది. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పే సాక్ష్యాల వేళ ఆమె లేచి, దేవుడు తన బిడ్డకు మరుగైనదాన్ని బయలుపరిచాడని, సోమవారం సెమినార్ జయప్రదంగా జరిగిందని సాక్ష్యం చెప్పింది. ఆ సోమవారానికి ఇంకా వారం పైనే ఉంది.

"జరగంది జరిగిందని చెప్పావేంటమ్మా," అంది రెబెకా ఇంటికొచ్చాక.

"జరిగాక స్తోత్రం ఎవరైనా చెబుతారే. జరగకముందే జరిగిందని నమ్మి చెప్పాలి, అదీ విశ్వాసం. మీ నాన్న ట్రాన్స్‌ఫర్‌కు అలాగే చెప్పాను, ఆగిందా లేదా? నీ పదో తరగతికి అలాగే చెప్పాను."

"ఇంకా చూడాల్సింది ఉందమ్మా."

"చూసుకో. చూడొద్దన్నానా? శనివారం సాయంత్రం మనింట్లో కృతజ్ఞత కూడిక పెట్టాను, ఆ లోపల చూసేసుకో."

ఆ మంగళవారం, టీ కొట్టు దగ్గర, బాలరాజు ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ ఊరికే అడిగాడు. "తోక నీకు బాక్సు గీయకముందు కనవడ్డదా, గీసినంక కనవడ్డదా?"

రెబెకా గ్లాసు పట్టుకుని అతని వంక చూసింది.

"ఏందట్ల చూస్తవ్? ఊకె అడిగిన."

"ముందే కనబడింది. కొంచెం. అలా... ఉన్నట్టు అనిపించింది."

"అనిపిచ్చిందా, కనవడ్డదా?"

ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ పొద్దున ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. చుక్క పక్కన ఏదో మసక ఉన్నట్టుంది. ఉందేమోనని ఆశ పుట్టింది. మసక ఎటు సాగితే బాగుంటుందో అటు పొడుగ్గా బాక్సు గీసింది. తరవాత తిప్పుతూ పోయింది. ముందేదో, తరవాతేదో ఇప్పుడు విడదీయలేకపోయింది.

అప్పటి నుంచి ఆమెను పట్టుకున్న భయం బల్లి భయం లాంటిది కాదు. బల్లి కనబడుతుంది, పక్కకు తప్పుకోవచ్చు. ఇది ఎటు తప్పుకున్నా వెంట వచ్చేది. చేయాల్సింది చిన్న పనే. తోక మీద బాక్సు తీసేసి, ఒక్క చుక్క చుట్టూ గీసి, మళ్లీ మొదటి నుంచి తిప్పడం. పూట పని. ఆ పూట మాత్రం ఆమెకు దొరకలేదు. బుధవారం తలనొప్పి. గురువారం సర్వర్ నెమ్మదిగా ఉందనుకుంది. శుక్రవారం ల్యాబు తలుపు దాకా వెళ్లి, లోపల ఎవరో ఉన్నారని వెనక్కి వచ్చింది. లోపల ఉన్నది ఫ్యాన్ ఒక్కటే.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే వీధిలోకి ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. దొంతరలుగా. వాటిని చూడగానే రెబెకా చెప్పులేసుకుని క్యాంపస్‌కు నడిచింది.

ల్యాబులో ఎవరూ లేరు. బయట చెట్ల మీద నెమళ్లు అరుస్తున్నాయి, ఎవరినో ఎవరో తరుముతున్నట్టు. రెబెకా అసలు డేటా తీసింది. చుక్క చుట్టూ చిన్న బాక్సు గీసింది. అంతే గీసింది. పని మొదలుపెట్టించి కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది. జెట్ ఉండాలని కోరుకోవడానికి కూడా భయమేసింది. తను కోరుకుంటే మళ్లీ కనబడుతుందేమోనని.

బొమ్మ వచ్చింది. చుక్క ఉంది. తోక లేదు.

ఆమె అక్కడితో లేచి రావచ్చు. లేవలేదు. ఇంకో పని చేసింది. చుక్కకు అవతలి వైపు, ఏనాడూ ఏమీ కనబడని చోట, అంతే పొడుగు బాక్సు గీసింది. తిప్పింది. ఇంకోసారి తిప్పింది. అవతలి వైపు తోక మొలిచింది. సన్నగా, తిన్నగా, మొదటిదాని కంటే అందంగా.

రెబెకా స్క్రీన్ ఆపేసింది. కంప్యూటర్ చెప్పినమాట వింటుందని తెలుసు. ఇంత బాగా వింటుందని తెలియదు. ఎటు గీస్తే అటు చూపిస్తుంది. వద్దనే రకం కాదు. ఇన్నేళ్లుగా ఒంటరిగా కూర్చున్నది దీనితోనా అనిపించింది. ఆమె తలుపు తాళం వేసి, వేసిందో లేదోనని వెనక్కి వచ్చి చూసి, మళ్లీ బయటపడింది. తార్నాక గేటు వైపు రోడ్డంతా చెట్ల నీడలు. వెనక ఎవరో వస్తున్నట్టే ఉంది. అప్పటికే తను గీసిన తోక తనకంటే ముందు ఇంటికి చేరిపోయిందని ఆమెకు తెలుసు.

ఇల్లు నిండిపోయింది. వీధిలో కూడా మనుషులే. సంఘ పెద్ద శాంసన్ గారు కీబోర్డు ముందు కూర్చుని పాట ఎత్తుకున్నాడు. ఆయన గొంతుకు మైకు అవసరం లేదు, అయినా పెట్టుకున్నాడు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, రెబెకాను లేపాడు.

"అమ్మాయి రెండు మాటలు సాక్ష్యం చెబుతుంది."

రెబెకా నిలబడింది. ఎదురుగా ఎన్ని ముఖాలో. అందరూ నవ్వుముఖాలతో ఉన్నారు, అదీ భయం. తిట్టేవాళ్లయితే ఏదో ఒకటి చెప్పి కూర్చోవచ్చు. అది లేదు అనాలి. రెండే మాటలు. నాలుక వాటిని పైకి నెట్టింది, పళ్లు వెనక్కి తోశాయి.

"వందనాలు," అంది. "నా కోసం ప్రార్థన చేయండి." కూర్చుంది.

ఎంత వినయమో చూడండి అన్నారు ఎవరో. శాంసన్ గారు స్తోత్రం అన్నాడు, వీధంతా స్తోత్రం అంది. అంతవరకూ ఆ మాట తల్లి నోటిది. ఇప్పుడు దాని మీద తన నోటి తడి కూడా పడింది.

అందరూ తిని వెళ్లాక, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న తల్లి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, అది లేదు."

"ఏది, పెరుగు చట్నీయా? శాంసన్ గారు మూడుసార్లు వేసుకున్నారు, ఎలా ఉంటుంది."

"జెట్."

ప్రమీల గరిటె కింద పెట్టింది. "ఉందన్నావుగా."

"నేనే గీశాను. ఉందనుకుని గీసిన చోట కనబడింది. ఇవాళ అవతలి వైపు గీశాను. అక్కడా కనబడింది."

"అంటే పిల్లాడికి జవాబు నువ్వే చెప్పేసి, రాశాడని మార్కులేశావా?"

"అవునమ్మా."

"ఇందాక నిలబెడితే మరి ఎందుకు చెప్పలేదే?"

"భయమేసింది."

ప్రమీల వంటింటి స్టూలు మీద కూలబడింది. ఆ ఇంట్లో అంతసేపు ఆమె గొంతు వినబడకపోవడం అదే మొదలు. రత్నకుమార్ ఏమైందోనని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరికీ చెప్పకు," అంది చివరికి మెల్లగా. "ఆ సోమవారం ఏదో అయిపోనీ. తరవాత చూద్దాం. ఎవరికి తెలుస్తుంది."

"ఎవరో ఒకరు బాక్సు తీసేసి చూస్తారమ్మా. బాలరాజు అప్పుడే అడిగాడు."

"అతనికి పనేం లేదా."

"నేను దాచితే నా పేరు మీద అచ్చవుతుంది. చూసినవాళ్లు నన్ను దొంగ అంటారు."

"మరి నన్నేమంటారే?" అంది ప్రమీల. "సంఘం ముందు నిలబడి చెప్పాను. దేవుడి పేరు పెట్టి చెప్పాను."

తల్లి కింద పెట్టిన గరిటె తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ అక్కడే పెట్టింది. రెబెకా ఆ గరిటె వంకే చూసింది. ఇంట్లో ధైర్యమంతా ఈ మనిషి దగ్గరే ఉందనుకుంది ఇన్నాళ్లూ. అదీ లేకపోతే ఇంకెక్కడికి పోవాలి?

"కుర్చీలు తిరిగి ఇచ్చేయాలి," అని రత్నకుమార్ బయటికి వెళ్లాడు.

సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతుంది. లేవాలి, వందనాలు చెప్పాలి, మేలు చెప్పాలి, కూర్చోవాలి. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడానికి మాత్రం పద్ధతి లేదు. ఎవరూ ఎప్పుడూ తీసుకోలేదు. ఆదివారం సాక్ష్యాల వేళ ప్రమీల లేచింది. మళ్లీ స్తోత్రం చెబుతుందనుకుంది రెబెకా. ఇంకో సోమవారాన్ని కలిపి, ఇంకో బహుమతిని కలిపి, తను ఎన్నటికీ దిగలేనంత ఎత్తుకు కడుతుందనుకుంది. తల్లి చీర చెంగు పట్టుకుని లాగబోయింది. అందలేదు.

ప్రమీల ముందు బెంచీని రెండు చేతులా పట్టుకుంది. "వందనాలు," అంది. మైకు లేకుండా ఆమె మాట వెనక వరసకు చేరకపోవడం సంఘం ఎరగదు. "పోయిన ఆదివారం నేను చెప్పింది జరగలేదు. నా బిడ్డకు అది కనబడలేదు. కనబడిందనుకుని పొరబడింది, మళ్లీ తనే చూసుకుని తెలుసుకుంది. దానికంటే ముందు నేను తొందరపడ్డాను. రేపు అది అందరి ముందు నిలబడి చెప్పాలి. దానికి భయం. నాకూ భయంగానే ఉంది. ప్రార్థన చేయండి."

కూర్చుంది. అలవాటు కొద్దీ ఎవరో "స్తోత్రం" అనబోయి మధ్యలో మింగేశారు. శాంసన్ గారి వేలు కీబోర్డు మీద ఉంది గానీ ఏ పాట ఎత్తుకోవాలో తోచలేదు. అయ్యగారు కాగితం తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. స్త్రీల సమాజంలో ఒకరిద్దరు ముఖాలు తిప్పుకున్నారు. రేపటి నుంచి వాళ్లేం మాట్లాడుకుంటారో రెబెకాకు ఇప్పుడే వినబడుతోంది. తల్లికీ వినబడుతోంది, మెడ మీద చెమట చెబుతోంది.

రెబెకా లేచి కాంపౌండులోకి వెళ్లి భానుప్రకాశ్ సార్‌కు ఫోన్ చేసింది. రింగవుతున్నంతసేపూ ఎత్తకపోతే బాగుండుననుకుంది. ఆయన ఎత్తాడు.

"స్లైడ్స్ పంపావా అమ్మా? పుణె ఆయన ఫ్లైట్ ఎక్కేశారు."

"సార్, జెట్ లేదు." ఆగితే మళ్లీ పళ్లు అడ్డం పడతాయని ఆగకుండా చెప్పింది. బాక్సు సంగతి, రెండో వైపు తోక సంగతి, వారమంతా వాయిదా వేసిన సంగతి.

"రెండో వైపు కూడా వచ్చిందా?"

"వచ్చింది సార్."

"తోక మీద బాక్సు లేకుండా ఒకసారి చూపించమని నేను అడగాల్సింది," అన్నాడు ఆయన. "చూడగానే నాక్కూడా కావాలనిపించింది. ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు."

"సెమినార్ ఆపేద్దామా సార్?"

"ఏమని ఆపను? జ్వరమనా?" అన్నాడు. "పెట్టుకుందాం. ఈ మూడు బొమ్మలూ చూపించు. నువ్వే చెప్పు. నేను చెబితే నిన్ను కాపాడినట్టుంటుంది, నన్ను నేను కాపాడుకున్నట్టూ ఉంటుంది. ముందు వరసలో కూర్చుంటాను."

సోమవారం హాలు నిండింది. జెట్ చూడ్డానికి వచ్చినవాళ్లే అంతా. అప్పటికే ఆమె ద్వారా సంగతి తెలిసిన బాలరాజు తలుపు దగ్గర ఆమెను ఆపాడు.

"నేనడగకుంటె ఈ లొల్లంత ఉండకపోవు గదా," అన్నాడు. ముఖంలో వెక్కిరింత లేదు.

"నువ్వు కాకపోతే ఇంకొకరు. వాళ్లు చాయ్ తాగుతూ అడిగేవాళ్లు కాదు."

రెబెకా మొదటి బొమ్మ చూపించింది, తోకతో. హాల్లో మెచ్చుకోలు గుసగుస లేచింది. రెండోది చూపించింది, తోక లేకుండా. గుసగుస ఆగిపోయింది. మూడోది చూపించింది, తోక అవతలి వైపు. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. ఆమె చేతిలోని లేజర్ చుక్క తెరమీద నిలబడకుండా గెంతుతుంటే, దాన్ని ఆపేసి, వేలితో చూపిస్తూ చెప్పింది. మధ్యలో నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది.

పుణె పెద్దాయన చెయ్యెత్తాడు. రెబెకా బల్ల అంచు పట్టుకుంది.

"అయితే ఈ క్వేజార్‌లో జెట్ లేదంటావు?"

"లేదనట్లేదు సార్. ఉంటే దాని గొంతు ఎంతకు మించదో చెబుతున్నాను. ఇదిగో, ఈ గీత మన యాంటెనాలు వినగలిగే హద్దు. దీని కింద ఏముందో నాకు తెలీదు."

"నీ లిస్టులో మిగతావి?"

"అన్నీ నేను గీసినవే సార్, ఒట్టి చుక్కేననుకుని చుక్క చుట్టూనే. ఒక్కొక్కటీ ఆ బాక్సు లేకుండా మళ్లీ చూడాలి." అక్కడ ఆగిపోవచ్చు. కానీ నోరు ఒకసారి తెరుచుకున్నాక మూత పడలేదు. "వాటిని తెరవాలంటే భయంగా ఉంది."

ఇలాంటి మాటకు ఎవరో ఒకరు నవ్వుతారని ఆమె ఎదురుచూసింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో భానుప్రకాశ్ సార్ తన అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు. వెనక వరసల్లో, తాము గీసిన బాక్సులు గుర్తొచ్చినట్టు, ఒకరి తరవాత ఒకరు ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్‌ల మూతలు మెల్లగా వేసుకున్నారు. పుణె పెద్దాయన కూడా తన ల్యాప్‌టాప్ మూత వేసి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.